బ్లోయరు కారుకు బోరు గాలిపైపు

వేలెడంత గొట్టం ముక్క వల్ల అహోబిలం కొండదారిలో నా పరువు పోయింది. ఎవరి ముందర అంటారా? కాబోయే మామ ముందర, కాబోయే పెండ్లాం ముందర, గుంపుగా వచ్చిన భక్తుల ముందర, చెట్టు మీది కోతుల ముందర. వాళ్ళందరిలో కోతులే కాస్త మర్యాదగా చూశాయి. పెళ్ళి చేసుకోవాలనుకునే కుర్రాళ్ళూ, పాత కార్లు బాగు చేయాలనుకునే పెద్దమనుషులూ ఈ సంగతి తప్పకుండా తెలుసుకోవాలి. రెండు పనులూ ఒకేసారి పెట్టుకున్నవాళ్ళు చదవకపోయినా ఫరవాలేదు, వాళ్ళను ఎలాగూ ఎవరూ కాపాడలేరు.

మాది వేంపల్లె. నందికొట్కూరులో డ్రిప్పు పైపుల దుకాణం పెట్టుకున్నాను. పైపులు అమ్మడం నా కాలక్షేపం, కలలు కనడం అసలు వృత్తి. దుకాణం ముందు కుర్చీ వేసుకుని, ఎండలో ఆవిరిలా వణికే రోడ్డు చూస్తూ కూర్చుంటే నాకు లోకం గుర్తుండేది కాదు. "పైపు కావాలప్పా, పైపు!" అని రైతు గొంతు పోయేదాకా అరిస్తే గానీ నేను నేల మీదికి దిగేవాణ్ణి కాదు. అలాంటి నా దగ్గరికి ఒకరోజు మాధవి ట్రాక్టరు నడుపుకుంటూ వచ్చి, "మిరప తోటకు లైను ఎయ్యాల, మంచి పైపు చూపియ్యి" అంది. నేను మంచి పైపు చూపించలేదు. అసలు ఏం చూపించానో ఇప్పటికీ తెలియదు. ఆమె వెళ్ళిపోయాక చాలాసేపటి వరకూ చేతిలో టేపు పట్టుకుని గాలిని కొలుస్తూ నిలబడ్డానని పక్క దుకాణంవాళ్ళు చెప్పారు.

తర్వాత పెద్దలు కలిశారు, మాట్లాడుకున్నారు, కులం గోత్రం అన్నీ కుదిరాయి. మాధవి కూడా సరే అంది. మిగిలింది వాళ్ళ నాయన ఓబులయ్య మాట ఒక్కటే. ఆయన ఊరి చివర మిరప తోటల ఆసామి. మనిషి తక్కువ మాట్లాడతాడు, ఎక్కువ చూస్తాడు. ఒక ఆదివారం నన్ను మూతబడిన వాళ్ళ పత్తి మిల్లు షెడ్డులోకి తీసుకుపోయాడు.

"ఏమప్పా పైపులాయనా, గొట్టాల పనంతా తెలుసునంటివే. ఇదేందో చూడు" అని ఒక పాత పట్ట లాగాడు.

దుమ్ము లేచింది. రేకుల చిల్లుల్లోంచి సన్నటి ఎండ గీతలు పడి ఆ దుమ్ము బంగారం పొడిలా తేలుతోంది. దాని వెనక ఒక కారు. పొడుగాటి ముక్కు, గుండ్రటి పెద్ద దీపాలు, వీపు మీద కట్టుకున్న స్పేరు చక్రం. ఎప్పుడో ఇంగ్లండు నుంచి ఓడ దిగి, చేతులు మారి మారి ఓబులయ్య నాయన చేతికి వచ్చిందట. ముక్కు కింద పుచ్చకాయంత ఇనుప డబ్బా ఒకటి ఉంది. దాన్ని సూపర్‌చార్జరు అంటారు, మన వాడుకలో బ్లోయరు. అన్నం తినని పిల్లవాడికి అమ్మ ముక్కు మూసి నోట్లో ముద్ద కుక్కినట్టు, అది ఇంజను నోట్లో గాలి కుక్కుతుంది. తిండి ఎక్కువైతే బలం ఎక్కువ కదా, బండి రెచ్చిపోతుంది. నేను అక్కడే నిలబడి, ఆ కారులో మాధవి, పక్కన నేను, కళ్ళజోడు, గాలికి ఎగిరే జుట్టు, ఇంకా లేని నా మెడ మఫ్లరు, అన్నీ చూసేశాను.

"వింటాండావా?" అన్నాడు ఓబులయ్య.

"వింటాండా మామా."

"అప్పుడే మామ అనొద్దు. నేను శానా చిన్నోణ్ణిగా ఉండంగ మా నాయన దీంట్లో అందర్నీ ఎక్కించుకోని అహోబిలం పోయినాడు. దిగువ అహోబిలం దాకా రాజులెక్క పోతిమి. ఎగువకు ఎక్కేటప్పుడు మలుపుకాడ ఆగిపాయ. నేను గూడా దిగి తోసినా. జనమంతా నవ్విరి. మా నాయన తలకాయ ఎత్తలే. ఇంటికొచ్చి పట్ట కప్పినోడు సచ్చేదాకా మళ్ళా తీయలే."

ఆయన కారు తలుపు మీది దుమ్మును పంచె కొసతో తుడిచాడు.

"నన్ను దీంట్లో కూర్చోబెట్టుకోని ఆ కొండ ఎక్కియ్యాల. నా కాలు నేలకు తగలగూడదు. పైన గుడికాడ దించినోళ్ళు ఏమడిగితే అది ఇస్తా. నరసింహసామి మీద ఒట్టు."

దించినోళ్ళు అంటే నేనే కదా, అడిగేది మాధవినే కదా! నేను అప్పుడే పెళ్ళి పందిట్లో కూర్చున్నాను. బాసికం కూడా కట్టుకున్నాను.

ఇంజను, బ్రేకులు, చక్రాలు కర్నూలు నుంచి వచ్చిన మెకానిక్కు చూసుకున్నాడు. పెట్రోలు గొట్టాలు మాత్రం కుళ్ళి, ముట్టుకుంటే రాలిపోయేలా ఉన్నాయి. అవి ఎక్కడ మొదలై ఎటు తిరిగి ఎక్కడికి చేరాయో చెప్పేవాళ్ళు ఎవరూ లేరు. "గొట్టాలు నాకు వదిలెయ్యండి" అన్నాను, పెళ్ళికొడుకు హోదాలో. నాకు తోడు నా స్నేహితుడు మస్తాన్ వలి. అతనికి రేడియేటర్లు అతికే దుకాణం ఉంది. రాగి గొట్టం వంచడంలో ఘనుడు, ఆ మాట ముందుగా అతనే చెబుతాడు.

ఆ రోజులు నా జీవితంలో అత్యంత హాయైనవి. గోనెపట్ట మీద వెల్లకిలా పడుకుని కారు కిందికి దూరేవాణ్ణి. పైన ఇనుప ఆకాశం, అందులో నక్షత్రాల్లా బోల్టులు. గొట్టం పోయినా దాని జాడ పోలేదు. చట్రం పొడుగునా క్లిప్పులు బిగించిన చిల్లులు ఉన్నాయి. గొట్టం ఆనుకుని ఉన్నచోట మాత్రం మురికి పట్టకుండా సన్నటి చార మిగిలింది. ఆ చార మీద వేలు పెట్టి, కళ్ళు సగం మూసుకుని, వెనక ట్యాంకు నుంచి ముందుకు వెళుతుంటే వాగు వెంబడి నడుస్తున్నట్టు ఉండేది. దాని ఒడ్డున మాధవి కూర్చుని ఉండేది. ఈ మాట కల కాదు, నిజంగానే కూర్చునేది. పొద్దున ఉగ్గాని బజ్జి తెచ్చి, నేను తినేదాకా స్పానర్లు తుడుస్తూ ఉండేది.

"కారు కింద ఏం చేస్తాండావు ఇంతసేపు? సప్పుడే లేదు."

"జాడ వెతుకుతాండా."

"నిద్రపోతాండాడమ్మా" అనేవాడు మస్తాన్.

నిజం చెప్పాలంటే రెండూ చేసేవాణ్ణి. అయినా పని బాగానే సాగింది. ఒకచోట ఆ చార ఉన్నట్టుండి ఎడమ పక్క నుంచి కుడి పక్కకు దాటింది. మా డ్రిప్పు లైన్లయితే తాడు పట్టి తిన్నగా లాగుతాం. ఎవడో తెల్లోడు పనిలేక వంకర తిప్పాడనుకున్నాను. తీరా చూస్తే ఎడమ పక్క సైలెన్సరు గొట్టం ఉంది. మన కర్నూలు ఎండకు తోడు ఆ సెగ కూడా తగిలితే పెట్రోలు ట్యాంకు నుంచి ఇంజనుకు చేరేలోపే ఉడికి ఆవిరైపోతుంది. "అబ్బ, ఎంత బుద్ధి!" అనుకున్నాను. అది తెల్లోడి బుద్ధి అనుకోలేదు, కనిపెట్టిన నా బుద్ధి అనుకున్నాను. అక్కడి నుంచి నాకు పొగరు పట్టింది.

ఇంజను దగ్గరికి వచ్చేసరికి ఒక సన్నటి గొట్టం ఎదురైంది. ఇది ట్యాంకు నుంచి వచ్చింది కాదు. ఒక కొస బ్లోయరు దాటాక గాలి పోయే దారిలో ఉంది. రెండో కొస కార్బరేటరుకు పెట్రోలు నిలవ ఉంచే గిన్నె మూతకు తగిలించి ఉంది. నడుమ చీలిక, ఆ చీలికకు ఎప్పుడో చుట్టిన గుడ్డపేలిక.

ఇక్కడ మీకు మా సీమ గురించి ఒక ముక్క చెప్పాలి. మా బోర్లు నీళ్ళు పోయవు. నీళ్ళూ గాలీ కలిపి పోస్తాయి. దమ్ము పట్టిన ముసలాయన దగ్గినట్టు బుస్సుమని గాలి, బుడుక్కుమని నీళ్ళు. ఆ గాలి గొట్టంలో ఇరుక్కుందా, నీళ్ళు ముందుకు కదలవు, లేదంటే పైపు పగులుతుంది. అందుకే మేము లైను వేస్తే ముందు చేసే పని, ఎత్తున్నచోట ఒక గాలిపైపు నిలబెట్టి దాని మూతి ఆకాశానికి వదిలేయడం. గొట్టంలో గాలి అంటే మాకు పుట్టుకతో పగ. నాకయితే అది జీవనాధారమైన పగ.

కాబట్టి ఆ సన్న గొట్టం చూడగానే నాకు అంతా అర్థమైపోయింది.

"మస్తాన్, దొరికినాది! ఆ కాలంలో కారు ఎందుకు ఆగిందో దొరికినాది. ఇది గాలిపైపు. గాలి బయటికి వదలాల్సింది పోయి, ఎవడో తిరిగి పెట్రోలు గిన్నెకే తగిలించినాడు. గాలి బయటపడలేక గొట్టాన్నే చీల్చుకున్యాది చూడు!"

మస్తాన్ తల గోక్కున్నాడు. "ఏమో అన్నా. పాతది యాడ ఉండాదో ఆడనే కొత్తది పెడదాం. వంచింది వంచినట్టు వంచుతా, బిరాన ఇంటికి పోదాం."

"గొట్టాల సంగతి నాకు చెప్తావా?"

"నాకెందుకన్నా. అత్తగారింటి కారు, నీ ఇష్టం."

మాధవి వంగి చూసింది. "గాలి ఊదనీకే అంత పెద్ద డబ్బా పెట్టి, మళ్ళా గాలి బయటికి వదిలేదేంది?"

"అది వేరే గాలి, ఇది వేరే గాలి" అన్నాను. ఈ వాక్యం గురించి తర్వాత నేను చాలా ఆలోచించాను. ఎన్నిసార్లు ఆలోచించినా దానికి అర్థం దొరకలేదు.

ఆ సన్న గొట్టాన్ని నడుమ కోసేశాను. బ్లోయరు వైపు కొసను నిటారుగా నిలబెట్టి, మూతికి డ్రిప్పు ఫిల్టరు జాలీ కట్టాను, ఈగలు దూరకుండా. గిన్నె వైపు కొసను గాలి పీల్చుకోమని తెరిచి వదిలేశాను. చూడ్డానికి ఎంత ముచ్చటగా ఉందో! మా తోటల్లో నిలబెట్టే గాలిపైపుకు బుల్లి తమ్ముడిలా ఉంది. మెయిన్ రోడ్డు మీద మెల్లగా నడిపి చూస్తే కారు వెన్నలా పోయింది. ఓబులయ్య మొదటిసారి నన్ను చూసి తల ఊపాడు. ఆ తల ఊపు తలుచుకుని చాలా మధ్యాహ్నాలు గడిపాను.

అహోబిలం ప్రయాణం తెల్లవారుజామున చల్లటి గాలిలో మొదలైంది. స్టీరింగు దగ్గర నేను, పక్కన మాధవి, వెనక సీట్లో తెల్లపంచె, తెల్లచొక్కాతో ఓబులయ్య. సామాన్ల సంచితో మస్తాన్ మోటారు సైకిలు మీద వెనకాల. నంద్యాల దాటి ఆళ్ళగడ్డ వైపు తిరిగేసరికి పొద్దు పొడిచింది. రెండు పక్కలా జొన్నచేలు, దూరంగా నీలంగా నల్లమల. టీ కొట్ల దగ్గర జనం గ్లాసులు పట్టుకుని లేచి నిలబడుతున్నారు. నేను మెల్లగా పోనిస్తున్నాను. తొందరేముంది? దారి తిన్నగా ఉంది, ఇంజను జోలపాడుతున్నట్టు ఉంది, మాధవి కొంగు అప్పుడప్పుడు నా మోచేతికి తగులుతోంది. ఈ దారి ఇలాగే సాగి సాగి, ఊరూ పేరూ లేనిచోటికి పోయి, అక్కడ కూడా ఆగకపోతే బాగుండు అనుకున్నాను. వెనక ఓబులయ్య చిన్నపిల్లవాడిలా రెండు పక్కలకూ తల తిప్పి చూస్తున్నాడు. అంత సంతోషం నా వల్లే కదా అనుకుంటే కళ్ళు చెమర్చాయి.

దిగువ అహోబిలం దాటాం. చెట్లు దగ్గర పడ్డాయి, దారి లేచింది. కొండ కదా అని కాలు గట్టిగా నొక్కాను. బ్లోయరు నిద్రలేచి ఈలేసింది. "అదీ! అదీ!" అన్నాడు ఓబులయ్య ముందుకు వంగి. మలుపు వచ్చింది. కారు ఒకసారి దగ్గింది. రెండోసారి తుమ్మింది. తర్వాత బుస్సు, బుడుక్కు, బుస్సు, అచ్చం మా బోరులాగే. ఆగిపోయింది.

"ఏమైంది?"

"ఏం లేదు మామా, కొంచెం..."

మళ్ళీ స్టార్టు చేశాను. ఊరికే నిలబడితే చక్కగా ఆడుతుంది. కాలు నొక్కితే చచ్చిపోతుంది. ఎంత బతిమాలినా అదే వరస. వెనక జీపులు హారన్లు కొడుతున్నాయి. భక్తులు దిగి గుంపు కట్టారు. "తోద్దామా సామీ?" అన్నాడొకాయన.

"వద్దు!" అని వెనక సీట్లోంచి అరుపు. నేను అద్దంలో చూశాను. ఓబులయ్య ముందు సీటు వీపును రెండు చేతులా పట్టుకున్నాడు. తెల్లజుట్టు మనిషి ఆ మలుపులో మళ్ళీ చిన్నోడైపోయాడు. "ఇదే మలుపు పాపా" అన్నాడు మాధవితో. "ఇదే."

నాకు కల మొత్తం దిగిపోయింది. పెళ్ళి గుర్తుకు రాలేదు. ఆ మనిషిని ఇక్కడ దింపి తోయించానంటే మళ్ళీ ఆయన ముఖం చూడలేననిపించింది. దిగి బానెట్టు ఎత్తాను. మాధవి కూడా దిగి వచ్చింది. మస్తాన్ స్టీరింగు దగ్గర కూర్చుని ఇంజను గట్టిగా రేపాడు. నా ముద్దుల గాలిపైపు లోంచి బుస్సుమని గాలి కొట్టి జాలీ ఎగిరిపోయింది. చెట్టు మీది కోతి ఒకటి దాన్ని పట్టుకుంది.

మాధవి ఆ గొట్టం మూతి మీద అరచెయ్యి పెట్టింది. "ఇంజను కోసరం ఊదిన గాలంతా ఈడ పోతాండాది కదప్పా!"

నేను రెండో కొస మీద వేలు పెట్టాను. గిన్నెలోంచి పెట్రోలు బుడగలు కట్టి పైకి తన్నుకొస్తోంది. అప్పుడు అర్థమైంది. బ్లోయరు లోపల ఎంత గట్టిగా ఊదుతుందో, ఆ సన్న గొట్టం పెట్రోలు గిన్నె మీద కూడా అంతే గట్టిగా ఊదాలి. రెండు పక్కలా నెట్టుడు సమానంగా ఉంటేనే పెట్రోలు దిగుతుంది. లేకుంటే లోపలి గాలి దాన్ని వచ్చిన దారినే వెనక్కి తరుముతుంది. ఆనాడు చీలిక వల్ల కొంచెం గాలి పోయి కారు ఆగింది. ఆ చీలికను పూడ్చాల్సిన మొనగాణ్ణి నేను దాన్ని నిలువునా తెరిచి జాలీ కూడా కట్టాను.

"మాధవీ," అన్నాను, "అది వేరే గాలి కాదు. అదే గాలి."

"నేను ఆ పొద్దే చెప్పలేదా?"

"గమ్మునుండు, తిట్టేది తర్వాత తిట్టు."

మస్తాన్ సంచిలో నా దుకాణం సన్న డ్రిప్పు గొట్టం ముక్క ఒకటి ఉంది. రెండు కొసలనూ దానితో కలిపి తీగ చుట్టి బిగించాను. ఒక్క కొండ ఎక్కేదాకా ఓర్చుకోమని దానికి మొక్కాను. మస్తాన్ తన మోటారు సైకిలు అడ్డం తీయడానికి దిగాడు. మాధవి స్టీరింగు దగ్గర కూర్చుంది.

"కొంచెం కాలు నొక్కి చూడు" అన్నాను బానెట్టు మూస్తూ.

ఆమెకు ట్రాక్టరు అలవాటు. కొంచెం అనే మాట ట్రాక్టరుకు వర్తించదు. నేను పక్కకు దూకాను. బ్లోయరు కొండంతా మారుమోగేలా ఈలేసింది, కారు గుర్రంలా ముందుకు ఎగిరింది.

"ఆపు! నేను ఎక్కాల!"

"ఆపితే మళ్ళా ఆగిపోతాది!" అని కిటికీలోంచి అరుపు వినబడింది. వెనక సీట్లో ఓబులయ్య రెండు చేతులూ పైకెత్తి "పోనీ పాపా! పోనీ!" అంటున్నాడు. మలుపు తిరిగారు, మాయమయ్యారు. నేను కలల్లో ఎన్నోసార్లు చూసిన దృశ్యం అచ్చంగా అలాగే ఉంది. నేను లేకపోవడం ఒక్కటే తేడా.

మస్తాన్ వెనక ఎక్కి నేను పైకి చేరేసరికి కారు గుడి దగ్గర నిలబడి ఉంది. ముక్కులోంచి ఆవిరి కక్కుతోంది. ఓబులయ్య ఇంకా దిగలేదు. కళ్ళ నీళ్ళు తుడుచుకుంటున్నాడు, నవ్వుతున్నాడు. మాధవి ఆయన చెయ్యి పట్టుకుని ఉంది. ఆ ఇద్దర్నీ చూసి నాకు కూడా ఏడుపు వచ్చింది. దాన్ని దుమ్ము మీదికి నెట్టేశాను.

"మామా..." అన్నాను.

"మామా లేదు, గీమా లేదు. నన్ను పైకి తెచ్చిందెవరు?"

"...మాధవి."

"మాట మాటే. తెచ్చినోళ్ళకే వరం. పాపా, ఏం కావాలో అడుగు."

మాధవి నన్ను చూసింది. నేను నా ప్రేమనంతా ముఖంలో పెట్టుకుని నిలబడ్డాను. ముఖం మీద గ్రీజు కూడా ఉందని అప్పుడు గుర్తులేదు. ఆమె చూపు నా మీది నుంచి మెల్లగా కారు మీదికి జారింది.

"కారు ఇయ్యి నాయనా."

"ఇచ్చినా. మరి పెండ్లి సంగతి?"

మాధవి బానెట్టు మీద చెయ్యి వేసి ఆలోచించింది. "ఇది పాత బండి కదా. ఎప్పుడో ఒకపొద్దు మళ్ళా ఆగకుండా ఉండదు. తోయనీకే ఒక మనిషి కావాల. ఈయప్పను గూడా ఇయ్యి."

"తీస్కో" అన్నాడు ఓబులయ్య.

జాకీ, స్పేరు చక్రం, అల్లుడు. ఆ వరసలో నాకు పెళ్ళయింది.

కాబట్టి మీ అందరి సమక్షంలో రెండు ప్రమాణాలు చేస్తున్నాను. ఒకటి, ఏ గొట్టమైనా సరే, అది ఎక్కడ పుట్టి ఎక్కడికి పోతుందో కొస దాకా వేలితో తడిమి చూడనిదే ఇకపై రంపం ముట్టను. రెండు, మాధవి స్టీరింగు దగ్గర ఉండగా ఆకాశం విరిగి మీద పడినా సరే, బండి దిగి బానెట్టు మూయను. మొదటిది అప్పుడప్పుడు తప్పుతానేమో గానీ, రెండోది తప్పితే నన్ను వదిలేసి పోయిన కారు వెనక పోవడానికి ప్రతిసారీ మస్తాన్ బండి దొరకదు.